జేబులోని సాక్షి

రాజధానిలో ఒక మాట పుట్టడానికి పట్టే కాలంకంటె అది ఖండనకు గురి కావడానికి పట్టే కాలం తక్కువ. ఉదయం అన్న మాట సాయంత్రానికి ‘వక్రీకరణ’ అవుతుంది. మరునాటికి అది విలేఖరి దురుద్దేశంగా మారుతుంది. అందువల్ల విలేఖరి జేబులో ఏ రికార్డరు ఉండాలన్న చిన్న ప్రశ్నను ఈ వారం చర్చకు తీసుకుంటున్నాను. రాజకీయాలు వదలి ఇతడు బజారు సరుకుల గురించి రాయడమేమిటని పాఠకులు విసుగు చెందకుందురు గాక.

ఫోను ఉండగా వేరే యంత్రమెందుకని యువ సహచరులు అడుగుతుంటారు. ఫోను చక్కగానే రికార్డు చేస్తుంది, కాదనను. చిక్కు ఏమిటంటే, ఆ ఒక్క సంభాషణతోపాటు మనిషి బతుకంతా అందులోనే ఉంటుంది: బ్యాంకు లెక్కలు, ఇంటివారి ఛాయాచిత్రాలు, అన్నిటికంటె ముఖ్యంగా, పేరు బయటపడితే ఉద్యోగం పోగొట్టుకునే గుమాస్తాల నంబర్లు. 2023 అక్టోబరు 3న న్యూస్‌క్లిక్ కేసులో ఢిల్లీ పోలీసులు పలువురు పత్రికారచయితల ఇళ్లు సోదా చేసి ఫోన్లు, లాప్‌టాప్‌లు పట్టుకుపోయారు. పత్రికారచయితల పరికరాల స్వాధీనం తీవ్రమైన విషయమనీ, అందుకు మార్గదర్శకాలు ఉండాలనీ మరుసటి నెలలో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది.

ఇక్కడ న్యాయస్థానాల సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. టేపు చేసిన సంభాషణ సాక్ష్యంగా చెల్లుతుందని 1972లో మల్కానీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హర్యానాలోని రేవారి ఎన్నిక వివాదంలో 1985లో అదే న్యాయస్థానం షరతులను కూర్చింది: గొంతు ఎవరిదో గుర్తించగలగాలి, చెరిపివేతలకూ చేర్పులకూ అవకాశం లేదని తేలాలి, టేపు భద్రమైన అధీనంలో ఉండి ఉండాలి. కంప్యూటరు యుగం వచ్చాక ధ్రువపత్రాల తంటా మొదలైంది. 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసు తీర్పు దానిని కొంత విడదీసింది. నకలు దాఖలు చేసేవారికి ధ్రువపత్రం తప్పనిసరి. సొంతదారు స్వయంగా బోనెక్కి, మూలప్రతి ఉన్న పరికరాన్నే చూపగలిగితే అక్కరలేదని ఆనాటి చట్టం ప్రకారం చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువను కూడా రాయమంటున్నది. ఫైలులో అణుమాత్రం మార్పు జరిగినా మారిపోయే అంకె అది.

ఈ తీర్పును విలేఖరి కంటితో చదివితే నాకు తోచేది ఇది. మూలప్రతిని కోర్టు బల్లమీద పెట్టవలసి వస్తే అరచేతిలో ఇమిడే రికార్డరును నిశ్చింతగా పెట్టవచ్చు. ఫోనును పెట్టడమంటే నమ్మినవారందరినీ తెచ్చి అక్కడ నిలబెట్టడమే.

గొంతు విషయంలో ఈ నగరానికి ఒక పాత గాయముంది. 1971 మే 24న పార్లమెంట్ స్ట్రీట్ స్టేట్ బ్యాంకు ప్రధాన క్యాషియరు ఫోనులో ప్రధాని గొంతు విన్నానని నమ్మి 60 లక్షల రూపాయలు బయటకు తీసుకుపోయి నగర్‌వాలాకు అప్పగించాడు. ఆ గొంతును తానే అనుకరించానని నగర్‌వాలా ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది మార్చిలో, ఖైదులో ఉండగానే మరణించాడు. జనతా ప్రభుత్వం వచ్చాక మన తెలుగువారైన జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి కమిషన్ దీనిపై విచారించినా, ఆ గొంతు ఎవరిదన్న వాదం ఇంకా ఆగలేదు. ఇప్పుడు కొద్ది నిమిషాల నమూనా దొరికితే ఎవరి గొంతునైనా కంప్యూటరు పలుకుతుంది. అబద్ధాన్ని సృష్టించడం తేలికైనంతమాత్రాన నాయకులు చింతిస్తున్నారనుకోకండి. నిజమైన టేపును సైతం ‘ఇది యంత్రం పలుకు’ అని తోసిపుచ్చే కొత్త సౌకర్యం వారికి చిక్కింది.

కనుక ఎంచుకునేటప్పుడు చూడవలసింది మెరుగులు కాదు. పెట్టెమీద వందల గంటలని అచ్చు వేస్తారు. అది అతి నాసిరకపు నాణ్యతలో లెక్క. కుదింపులేని వేవ్ పద్ధతిలో గంట సంభాషణకు సుమారు 635 మెగాబైట్లు పడతాయి. సాధారణ ఎంపీ-3 పద్ధతిలో 58 చాలు. 16 గిగాబైట్ల కార్డులో మొదటిది దాదాపు 25 గంటలు, రెండవది 270 గంటలకు పైగా నిలుస్తుంది. రోజువారీ గోష్ఠులకు ఎంపీ-3 సరిపోతుంది. వివాదం రేగగల ఇంటర్వ్యూకు వేవే మేలు.

మాట వినబడినప్పుడే నడిచే ఏర్పాటును గొప్పగా చెబుతారు. దానిని ఆపివేయమని నా సలహా. మొదటి అక్షరాన్ని అది మింగేస్తుంది, నడిమి మౌనాన్ని తీసివేస్తుంది. మంత్రిగారు జవాబు చెప్పకముందు ఎంతసేపు ఆగారన్నది కూడా వార్తే కదా! పైగా టేపులో ఖాళీ కనిపిస్తే అనుమానం పుడుతుంది. 1972 జూన్ 20 నాటి నిక్సన్ టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాల ఖాళీ ఆయన పరువును ఎంత తీసిందో తెలిసినదే. చెవిలో పెట్టుకొని సరిచూసుకునే హెడ్‌ఫోను రంధ్రం, ఫ్యాన్ల, ఏసీల రొదను తగ్గించే ఫిల్టరు, ఎక్కడైనా దొరికే సన్న బ్యాటరీలు ఉండాలి. గడియారాన్ని కొన్ననాడే సరిచేయాలి. తేదీ తప్పితే ఎదుటి వకీలుకు పండుగే. ఆంధ్రా భవన్ క్యాంటీనులో భోజనవేళ ఏ యంత్రమూ పని చేయదు. స్టీలు కంచాల మోత అన్నిటినీ జయిస్తుంది.

రికార్డరు ఉంటే సర్వమూ క్షేమమని నేననడం లేదు. పోలీసులు దానినీ పట్టుకుపోగలరు. చెరిపివేసిన ఫైలును సైతం దానిమీద మరొకటి ఎక్కేదాకా నిపుణులు వెలికితీయగలరు. అందుచేత ప్రాణభయంతో మాట్లాడేవారి దగ్గర కాగితమూ జ్ఞాపకశక్తే శరణ్యం. మిగిలినవారి ముందు యంత్రాన్ని బల్లమీద కనబడేలా పెట్టాలి. దొంగచాటుగా పట్టిన మాట కోర్టులో నిలవవచ్చును గాని, ఆ మనిషి మళ్లీ మనతో మాట్లాడడు.

ఇక ఖర్చెవరిది? కొద్ది వేల రూపాయల వస్తువు ఢిల్లీలో జీతగాడినైన నాకు బరువు కాదు. ఇసుక లారీలను గురించి వార్త రాసి ఒంటరిగా కేసును ఎదుర్కొనే మండల విలేఖరికి అది బరువే. అతడి వార్తను మొదటి పుటలో వేసుకొనే యాజమాన్యాలు కేసు పడగానే ‘అతడు మా ఉద్యోగి కాడు’ అంటున్నాయి. అక్రెడిటేషన్ కార్డుల కోసం ఏటా విజ్ఞాపనలిచ్చే మన సంఘాలు ఈసారి యాజమాన్యాల ముందు మరో కోరిక కూడా పెట్టవచ్చు: విలేఖరికి రికార్డరు సంస్థే కొనివ్వాలి, మూల ఫైళ్లను సంస్థే భద్రపరచాలి, ఖండన వచ్చిననాడు ఆ ఫైలుతో సంపాదకుడే ముందుకు రావాలి.