కదలుబొమ్మల కల్పన: ఆరంభకులకు తగిన సాధనములు

ఏ విద్య నేర్వవలయునను ప్రశ్నతో పోల్చిచూచిన, ఏ సాధనముతో నేర్వవలయునను ప్రశ్న మిక్కిలి చిన్నదని పెద్దలు తలంచుట కద్దు. బొమ్మలు గీచి, వానిని కదలించి, అంతర్జాలమున నుంచవలయునని యుబలాటపడు విద్యార్థుల విషయమున నీ తలంపు సరికాదని మా యభిప్రాయము. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల బాలబాలికలలో నీ యుత్సాహమును మేము చూచుచున్నాము. వారు మమ్మడుగు మొదటి ప్రశ్నలు రెండే. వీడియోను ఎంత పరిమాణమున చేయవలయును? ఏ సాఫ్టువేరు వాడవలయును? ఈ రెంటికి తప్పు సమాధానము దొరకినచో, కలిగినవాని బిడ్డకు కొంత కాలము మాత్రమే వ్యర్థమగును. కూలివాని బిడ్డకు ఆ విద్యయే దూరమగును. కావున నీ విషయమై మా యభిప్రాయములను విద్యార్థులకును వారి తలిదండ్రులకును మనవి చేయుచున్నాము.

ముందుగా నొక మాట. ఈ కళ మనకు బొత్తిగా క్రొత్తది కాదు. కాకినాడ చేరువనున్న మాధవపట్నము తోలుబొమ్మలాటకు పేరుగన్న గ్రామము. బొమ్మకు చేతులు, కాళ్లు వేర్వేరు తోలుముక్కలుగా కోసి, దారముతో కీళ్లు కూర్చి, తెరవెనుక దీపమునుంచి యాడించుట ఆ విద్య. నేటి కంప్యూటరులో అవయవములను విడివిడిగా గీచి కీళ్లవద్ద త్రిప్పు పద్ధతి దీనికి తోబుట్టువే. జర్మనీ దేశమున లొట్టె రైనిగర్ అను విదుషి నల్లని బొమ్మలను కత్తిరించి, కీళ్లు కూర్చి, కొంచెము కొంచెముగా జరుపుచు ఛాయాగ్రహణము చేయించి, 1926లో రాకుమారుడు అహ్మదు కథను పూర్తి చిత్రముగా వెలువరించెను. ఆమె చేతిలోని ముఖ్యసాధనము కత్తెర. సాధనము ఖరీదైనదగుట చేత కళ గొప్పదగునను భ్రమను విడుచుటకు ఈ రెండు దృష్టాంతములు చాలును.

ఇక లెక్కలకు వత్తము. చలనచిత్రములకు మాటలు వచ్చిన కాలమునుండి సెకనుకు 24 ఫ్రేములు అను వేగము స్థిరపడినది. కదలుబొమ్మలను గీచువారు సాధారణముగా ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములపాటు నిలుపుదురు. అనగా సెకనుకు 12 బొమ్మలు, నిమిషమునకు 720 బొమ్మలు. కొందరు విద్యార్థులు ఆటల వీడియోలను చూచి సెకనుకు 60 ఫ్రేములు కావలయునని పట్టుబట్టుచున్నారు. ప్రతి ఫ్రేమునకు బొమ్మ గీచినచో నిమిషమునకు 3,600 బొమ్మలగును. ఏ బాలుడు గీయగలడు? గీచినను, బరువుగల వస్తువు బరువుగా పడినట్లును, తేలిక వస్తువు తేలికగా వ్రాలినట్లును కనబడుట ఫ్రేముల సంఖ్యవలన గాక, బొమ్మకును బొమ్మకును నడుమనుంచు దూరమువలన సిద్ధించును. కొబ్బరికాయ పడుటలో నీ దూరము క్షణక్షణమునకు పెరుగును. ఎండిన యాకు పడుటలో తగ్గుచు హెచ్చుచు నుండును. ఈ సూక్ష్మము తెలిసినవానికి 12 బొమ్మలు చాలును. తెలియనివానికి 60యును చాలవు. మరియు, వేగమును పని మొదలిడకముందే నిశ్చయించి, నడుమ మార్చకుండుట మేలు. నడుమ మార్చినచో మాటకును పెదవి కదలికకును పొంతన తప్పును. చేతిఫోనుతో తీసిన వీడియోలందు వేగము నిలకడగా నుండకపోవుట కలదు. అట్టివానిని ముందుగా హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాఫ్టువేరుతో స్థిరవేగమునకు మార్చుకొని, పిమ్మట కూర్పున చేర్చవలెను.

పరిమాణము రెండవ విషయము. 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 పిక్సెళ్ల ఎత్తు గల తెరలో సుమారు 20 లక్షల 73 వేల చుక్కలుండును. 4కె యని పిలువబడు 3840, 2160ల తెరలో సరిగా దీనికి నాలుగింతలు. చుక్కలు నాలుగింతలైన కంప్యూటరు మోయు బరువును దాదాపు నాలుగింతలగును. యూట్యూబు వారు సెకనుకు 24 మొదలు 30 ఫ్రేముల వీడియోలకు సూచించిన బిట్‌రేటు 1080కి సెకనుకు 8 మెగాబిట్లు; 4కె వీడియోకు 35 మొదలు 45 మెగాబిట్లు. మొదటిదానికి నిమిషమునకు సుమారు 60 మెగాబైట్లు, రెండవదానికి 260కి పైబడిన మెగాబైట్లు అంతర్జాలమునకు పంపవలసి వచ్చును. 720 పరిమాణమునకు 5 మెగాబిట్లు, అనగా నిమిషమునకు 37 మెగాబైట్లకు కొంచెము హెచ్చు. చూచువారిలో ననేకులు అరచేతిలోని ఫోనునందే చూతురు. కావున 1080 చాలును. కంప్యూటరు పాతదైనచో 720 చేసినను సిగ్గుపడ పనిలేదు. వసిష్ఠ గోదావరి యావలి గట్టున నరసాపురమున 1933లో జన్మించిన బాపుగారు కొద్ది గీతలతో మనుష్యుని స్వభావమంతయు చూపిరి. ఆ గీతలకు విలువ వచ్చినది కాగితపు కొలతవలన కాదు.

ఫైలు విషయమున సందేహమే యక్కరలేదు. చిత్రమునకు హెచ్.264, శబ్దమునకు ఏఏసీ, రెంటిని ఇముడ్చుకొను పెట్టెగా ఎంపీ4. శబ్దము 48 కిలోహెర్ట్‌జులు. ఇవి దాదాపు ప్రతి ఫోనునందును ఆడును. అడ్డముగా 16కు 9, నిలువుగా 9కి 16 అను రెండు ఆకారములలో దేనిని చేయుదురో మొదటి బొమ్మకు ముందే నిర్ణయింపుడు. అడ్డముగా గీచినదానిని తరువాత నిలువుగా కోసినచో బొమ్మల తలలు, చేతులు తెగిపోవును.

సాఫ్టువేరు మాట యెత్తినంతనే మేము కఠినముగా చెప్పవలసిన దొకటి కలదు. ఖరీదైన సాఫ్టువేరు తాళము పగులగొట్టిన నకళ్లు చేతులు మారుచున్నవి. పరుని సొత్తును అనుమతి లేక తీసికొనుట దొంగతనమని మన బడిలో చిన్నతరగతివారికి సహితము తెలియును. అదియు గాక, అట్టి నకళ్ల వెంట కంప్యూటరును పాడుచేయు వైరసులు వచ్చుచుండును. న్యాయముగా, ఉచితముగా లభించునవి యుండగా ఈ పాపమేల? చేతిగీతకు క్రిటా, పెన్సిల్‌టూడీ. తోలుబొమ్మవలె కీళ్లు త్రిప్పు పనికి సిన్‌ఫిగ్. పెద్ద కూర్పులకు ఓపెన్‌టూంజ్ కలవు. ఓపెన్‌టూంజ్ 2016లో సర్వజనులకు ఉచితముగా విడుదల చేయబడినది. దాని మాతృక జపానులోని జిబ్లీ చిత్రశాలవారు వాడినదే. 2002 నుండి స్వేచ్ఛా సాఫ్టువేరుగానున్న బ్లెండరుతో నిర్మింపబడిన ఫ్లో అను లాట్వియా దేశీయుని చిత్రము 2025లో ఆస్కారు బహుమానము నందినది. ముక్కలను వరుసగా కూర్చుటకు షాట్‌కట్, కేడెన్‌లైవ్ చాలును. డావించీ రిజాల్వ్ యొక్క ఉచితరూపము మిగుల శక్తిమంతమైనదే గాని, 16 జీబీ జ్ఞాపకశక్తియు మంచి గ్రాఫిక్సు కార్డును లేని యంత్రముపై నడుచుట కష్టము.

ఎంచుకొనుటకు ముందు మూడు పరీక్షలు చేయుడని మా సలహా. మొదటిది, అందులో క్ష్మ, స్త్ర, ర్త్య వంటి సంయుక్తాక్షరములను వ్రాసి చూడుడు. కొన్ని సాఫ్టువేరులు ఒత్తులను విడదీసి తెలుగును వికృతము చేయును. అట్టిచో అక్షరములను వేరొకచోట బొమ్మగా తయారుచేసి చేర్చవలెను. మండలి, మల్లన్న, రామభద్ర వంటి చక్కని తెలుగు ఫాంట్లు ఉచితముగా లభించుచున్నవి. రెండవది, అంతర్జాలము లేకున్నను అది పనిచేయునా? 2022 మే నెలలో కోనసీమయందు అశాంతి చెలరేగినప్పుడు అంతర్జాల సేవలు దినముల తరబడి నిలిచిపోయినవి. తుపానులు, వరదలు మనకు అలవాటే. సొంత కంప్యూటరులో నుండి పనిచేయు సాధనమే మనకు తగినది. మూడవది, పనిని పీఎన్‌జీ బొమ్మల వరుసగా భద్రపరచునా? అట్లయినచో నడుమ కరెంటు పోయినను పూర్తియైన బొమ్మలు నిలిచియుండును, ఆగినచోటనుండి సాగింపవచ్చును. సాధనము మరణించినను బొమ్మలు బ్రదుకును. ఒకప్పుడు అంతర్జాలపు కదలుబొమ్మలకు రాజైన ఫ్లాష్ ప్లేయరునకు అడోబీ సంస్థవారు 2020 డిసెంబరు 31తో స్వస్తి చెప్పిరి. ఆ రూపమున మాత్రమే దాచుకొన్నవారి కృతులు బ్రౌజరులలో ఆడుట మానినవి.

హైదరాబాదులోని చిత్రశాలలందు ఖరీదైన సాఫ్టువేరులే వాడుదురు గదా, ఉచితమైనవి నేర్చినవారికి ఉద్యోగమెట్లని కొందరు తలిదండ్రులు అడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. 2008లో ఛోటా భీమ్‌ను దూరదర్శినికి అందించిన సంస్థ హైదరాబాదుదే; అదే సంవత్సరమున సింగీతము శ్రీనివాసరావుగారి ఘటోత్కచుని కదలుబొమ్మల చిత్రమును వెలువడినది. అట్టిచోట ఉద్యోగము గోరువాడు వారి సాధనమును నేర్వవలసినదే. అయినను పొరలు, కీలకపుబొమ్మలు, కాలరేఖ అను భావములు అన్ని సాఫ్టువేరులందును సమానములు. ఒకదానిలో గట్టిగా నేర్చినవాడు రెండవదానికి కొద్ది కాలములో అలవాటుపడును. గీయుట రానివానికి మాత్రము ఏ సాఫ్టువేరును గీచిపెట్టజాలదు.

కావున విద్యార్థులకు మా సూచన యిది. తొలి ప్రయత్నము అర నిమిషమునకు మించరాదు. 24 ఫ్రేముల వేగము, రెండేసి ఫ్రేములకొక బొమ్మ, 1080 పరిమాణము. మొత్తము 360 బొమ్మలు. నలుగురు కలిసిన తలకు 90 మాత్రమే. ఇంట కంప్యూటరు లేనివాడు కాగితముపై గీయును. ఉన్నవాడు వానిని చేర్చి కూర్చును. గొంతు బాగుగానున్నవాడు మాట చెప్పును. వస్తువునకు దూరము పోనేల? పంటు రేవు దాటుట, దింపువాడు కొబ్బరిచెట్టెక్కుట, కనుమనాడు జగ్గన్నతోటకు పోవు ప్రభను భుజములపై నెత్తి కౌశికను దాటించుట, ఇవన్నియు కదలికలే. వీనిని ప్రతిదినము కన్నులార చూచిన బాలునకు గల అనుభవము ఏ నగరపు చిత్రశాలకును లేదు. తలిదండ్రులు క్రొత్త యంత్రము కొనలేకపోయితిమని చింతింపక, బిడ్డకు కాగితమును, పెన్సిలును, కొంత తీరికను ఇత్తురుగాక. తక్కినది మెల్లమెల్లగా సమకూరును.