గాల్లో నెట్ డెల్టాకేనా? మన కొండలకు రాదా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

నేను ఇప్పుడు ద్రాక్షారామంలో ఉంటున్నాను. ఊరి చివర, పంట కాలువ గట్టు పక్కన అద్దె ఇల్లు. నెట్ కావాలని కేబుల్ వాళ్లను అడిగితే, మీ ఒక్క ఇంటి కోసం ఇన్ని స్తంభాలు దాటించి వైరు లాగలేం అన్నారు. పాత ల్యాండ్‌లైన్ వైర్లు ఎప్పుడో పోయాయి, కాబట్టి డీఎస్‌ఎల్ మాటే లేదు. చివరికి డాబా మీద ఒక చిన్న పెట్టె బిగించి, టవర్ వైపు తిప్పి, లోపల రూటర్ పెట్టారు. మొదట కొబ్బరాకులు అడ్డొచ్చి సిగ్నల్ సరిగా రాలేదు. ఇనప పైపు వేసి పెట్టెను ఇంకాస్త పైకి లేపారు, వచ్చేసింది. మొత్తం ఒక పూట పని.

ఆ సంగతి చెబుదామని అమ్మకు ఫోన్ చేశాను. కలవలేదు. మారేడుమిల్లి పైన మా ఊళ్లో ఫోన్ మోగాలంటే గుట్ట ఎక్కి నిలబడాలి. ఇక్కడి నుంచి సగం రోజు ప్రయాణం, అంతే దూరం.

కొండలు, అడవి, అక్కడికి వైరు ఎలా వేస్తాం అని మనకు ఎన్నాళ్లుగా చెబుతున్నారు? సరే, వైరు వేయొద్దు. వైరు లేకుండా ఇంటికి నెట్ ఇవ్వడం గోదావరి జిల్లాలకు కొత్త కాదు. ఇరవై ఏళ్ల కిందటే భీమవరం చుట్టుపక్కల పల్లెలకు బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో వైర్‌లెస్ లింకులు వేసింది. ఎత్తైన టవర్లు, ఒకదాన్నొకటి చూసుకునే యాంటెన్నాలు, మామూలు వైఫై పరికరాలు. వాటి మీద దూరం నుంచి పాఠాలు చెప్పారు, డాక్టర్లు రోగులతో మాట్లాడారు. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామానికి ఫైబర్ వచ్చింది. 2017 డిసెంబరులో రాష్ట్రమంతటికీ ఫైబర్‌నెట్ అన్నారు, నెలకు 149 రూపాయలు అన్నారు. తవ్వకాలు కష్టమైన చోట కాంతి కిరణాలతో నెట్ పంపే 2,000 లింకులు పెడతామని గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్ కంపెనీ ప్రకటించిందీ అప్పుడే. ఉపాయాలకు కొరత ఎప్పుడూ లేదు. మన వరస మాత్రం ఎప్పుడూ చివరే.

టవర్లు అసలు రాలేదని నేను అనను. 2023 జూన్‌లో ఒకేసారి 100 టవర్లు ప్రారంభించారు, ఎక్కువ భాగం అల్లూరి జిల్లాలోనే. మంచిదే. కానీ టవర్ వచ్చినంత మాత్రాన గూడెంలో నెట్ వచ్చినట్టు కాదు. చేతిలోని ఫోన్‌కు అందని సిగ్నల్, ఇంటి పైకప్పుకన్నా ఎత్తులో, టవర్ వైపే చూసేలా బిగించిన యాంటెన్నాకు అందొచ్చు. కొండ అడ్డముంటే ఆ కొండ నెత్తిన సోలార్ పలకతో ఒక రిలే పెట్టి లోయలోకి దింపొచ్చు. డెల్టాలో ఎత్తు కావాలంటే టవర్ కట్టాలి. మనకు ఎత్తు ఊరికే ఉంది!

ఇదంతా సినిమాలు చూసుకోవడానికి కాదు. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ హాజరు యాప్‌లోనే పడాలి, రోజుకు రెండు ఫొటోలు. ఎండలో మట్టి తవ్విన అక్కకు ఫొటో ఎక్కకపోతే కూలీ పోతుంది. రేషన్‌కు వేలిముద్ర, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు, పరీక్షకు హాల్‌టికెట్, అన్నీ నెట్‌లోనే. హక్కును నెట్‌లో పెట్టి నెట్ ఇవ్వకపోతే ఆ హక్కు ఎవరిది? ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో భాగమేనని కేరళ హైకోర్టు 2019లోనే చెప్పింది.

డబ్బుల్లేవా? మారుమూల ప్రాంతాల కోసమని టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం వసూలు చేస్తున్నారు. మన రీచార్జి డబ్బులు కూడా అందులో ఉన్నాయి. 4జీ లేని 24,680 ఊళ్లకు 26,316 కోట్లతో సేవలు ఇస్తామని 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఆ జాబితాలో మీ ఊరు ఉందా? అడిగారా?

ఇంటింటికీ కనెక్షన్ తీసుకోమని నేను చెప్పను. 2023లో ఎయిర్‌ఫైబర్ వచ్చినప్పుడే కనీస ప్లాన్ 599 రూపాయలు, పైన జీఎస్టీ. అడ్డాకులు కుట్టి, చింతపండు అమ్మి బతికే ఇంటికి అది భారం. ఊరికి ఒకటి చాలు. బడి మీదో అంగన్‌వాడీ మీదో యాంటెన్నా పెట్టి, అక్కడి నుంచి అందరూ పంచుకోవాలి. 2020 డిసెంబరులో వచ్చిన పీఎం-వాణి పథకం కింద చిన్న కిరాణా కొట్టు కూడా లైసెన్సు లేకుండా, ఫీజు కట్టకుండా వైఫై అమ్ముకోవచ్చు. ఈ లింకులకు వాడే 5 గిగాహెర్ట్జ్ తరంగాలకు 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు.

మరి నడిపేదెవరు? నా మాట ఇదే: మనమే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని, ఆదివాసీల సహకార సంఘాలకు ఇవ్వొచ్చని 1997 సమత తీర్పు చెప్పింది. అది గనుల కేసు. కానీ కొండ నెత్తిన రిలే విషయంలోనూ మన దారి అదే కావాలి. ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న మన పిల్లలు సంఘం కడితే, ఐటీడీఏ పరికరాలు ఇప్పిస్తే, పని మనదే, జీతం మనదే.

ఇబ్బందులు ఉంటాయి. గాలివానకు యాంటెన్నా పక్కకు తిరుగుతుంది, చెట్లు పెరిగి అడ్డొస్తాయి, నాలుగు రోజులు ముసురు పడితే సోలార్ బ్యాటరీ దిగిపోతుంది. అందుకే ఊళ్లో గుట్ట ఎక్కి సరిచేసే మనిషి ఉండాలంటున్నాను. రాజమండ్రి నుంచి టెక్నీషియన్ వచ్చేదాకా కూర్చుంటే నెల గడుస్తుంది.

వచ్చే గ్రామసభలో ఒక్క పని చేయండి. మన ఊళ్లో ఏ గుట్ట మీద నుంచి ఏ టవర్ కనిపిస్తుందో, ఏ గూడెంలో సిగ్నల్ లేదో కాగితం మీద రాయండి. తీర్మానం చేసి ఐటీడీఏ ప్రాజెక్ట్ అధికారికి ఇవ్వండి, రసీదు తీసుకోండి. పీసా చట్టం గ్రామసభకు గొంతు ఇచ్చింది, వాడుకోవాల్సింది మనం.

మా అమ్మ గుట్ట ఎక్కకుండా, పొయ్యి దగ్గర కూర్చునే నాతో మాట్లాడే రోజు కోసం అడుగుతున్నాను. మీ ఊళ్లోనూ అలాంటి అమ్మ ఉంటుంది కదా.

జై ఆదివాసీ!