విదేశీ నర్సింగ్ విద్యార్థుల వైద్య సేవా యాత్రలపై తీర్మానం

పుట్టపర్తిలో సమావేశమైన నర్సులు, నర్సింగ్ విద్యార్థులు, ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తల సభ ఆమోదించినది.

ఈ సభ గుర్తిస్తున్నది: సేవా ఆస్పత్రులు గానీ, పైదేశాల నుంచి వచ్చి రోగికి సేవ చేసే మనుషులు గానీ ఈ ప్రాంతానికి కొత్త కాదు. పుట్టపర్తిలో జనరల్ ఆస్పత్రి 1956లో మొదలైంది. ప్రశాంతిగ్రాంలోని సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిని 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించారు. గుండె ఆపరేషన్ చేయించుకున్న కూలీ మనిషి కూడా బిల్లు కట్టకుండా ఇంటికి పోయే ఆస్పత్రి అది. ఇదే జిల్లాలోని బత్తలపల్లి ఆస్పత్రిని నడిపేది, విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు. అక్కడికి స్పెయిన్ నుంచి స్వచ్ఛంద సేవకులు వస్తూ ఉన్నారు. వారి చేతి సాయంతో నిలబడిన కుటుంబాల వారు ఈ సభలోనూ ఉన్నారు. ఆ రుణం తలచుకునే ఈ తీర్మానం చేయడమైనది.

ఈ సభ గమనిస్తున్నది: సేవా యాత్రగా వచ్చే నర్సింగ్ విద్యార్థులు ఉండేది కొద్ది రోజులు. ఈ నేల మీది జబ్బులు మాత్రం ఏళ్ల తరబడి ముదిరినవి. నడుము వంగదు, మోకాలు మడవదు అంటూ శిబిరానికి వచ్చే మనిషికి నొప్పి మాత్ర ఇవ్వవచ్చు. ఆ నొప్పి చాలామందికి బోరు నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చినది. 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం ఉమ్మడి అనంతపురం జిల్లాలో వందల ఊళ్లకు నీరు తెచ్చింది. ఈ ప్రాంతపు ఎముకలకు ఏ మాత్రా చేయని మేలు ఆ కుళాయి చేసింది. సంచార వైద్యం విషయంలోనూ అంతే. 2006లో మొదలైన సత్యసాయి సంచార వైద్యశాల నెలనెలా అవే ఊళ్లకు తిరిగి వస్తుంది. పోయిన నెల చూసిన రోగిని ఈ నెల మళ్లీ చూస్తుంది. తిరిగి రావడమే ఇక్కడ వైద్యంలో సగం అని ఈ సభ అభిప్రాయం.

ఈ సభ తన విచారాన్ని నమోదు చేస్తున్నది: ఒక శిబిరం ముగిసిన పది రోజులకు ఒక ఏఎన్‌ఎం ఇంటింటి సందర్శనలో ఉండగా, ఒక అవ్వ కండ్లు తిరిగి పడిపోయిందని కబురు వచ్చింది. చెంగు ముడి విప్పితే రెండు మాత్రల పట్టీలు ఉన్నాయి. ఒకటి గ్రామ క్లినిక్ ఇచ్చినది, తెల్ల మాత్ర. రెండోది శిబిరంలో ఇచ్చినది, గులాబీ రంగు మాత్ర, పట్టీ మీద పరాయి భాష. రెండూ బీపీ మందులే. రంగు వేరు కాబట్టి జబ్బు వేరనుకొని అవ్వ రోజూ రెండూ మింగింది. మందు ఇచ్చిన విద్యార్థి మంచి మనసుతోనే ఇచ్చింది. ఆ మందు సంగతి ఊరి రిజిస్టరులో ఎవరూ రాయలేదు. పడినా అవ్వకు పెద్ద ప్రమాదమేమీ కాలేదు. అయినా ఈ సంగతి మినిట్స్‌లో ఉండాలని సభ కోరినందున ఇక్కడ రాయడమైనది.

ఈ సభ మరింత విచారంతో గమనిస్తున్నది: తన దేశపు వార్డులో ఒంటరిగా సూది వేయడానికి అనుమతి లేని విద్యార్థి చేత ఇక్కడ సూది వేయించిన సందర్భాలు, కుట్లు వేయడం నేర్చుకోమని పల్లె మనిషి చేతిని చూపిన సందర్భాలు సభ్యుల అనుభవంలో ఉన్నాయి. మన విద్యార్థి మూడేళ్ల జీఎన్‌ఎం గానీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ పూర్తి చేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదయ్యాకే సొంత బాధ్యతపై నర్సుగా పనిచేయాలి. ఈ కట్టుబాటు ఉన్నది రోగి కోసం. రోగి పేద అయినంత మాత్రాన, వైద్యం ఉచితమైనంత మాత్రాన అది సడలదు.

కనుక ఈ సభ తీర్మానిస్తున్నది: ఏ విద్యార్థి అయినా తన కళాశాల వార్డులో తనకు అనుమతి ఉన్న పని మాత్రమే, ఇక్కడ నమోదైన నర్సు పక్కన ఉండగా చేయవలెను. అమెరికా వైద్య కళాశాలల సంఘం తమ విద్యార్థులు విదేశాల్లో రోగులను తాకే విషయమై 2011లో ఇచ్చిన మార్గదర్శకాల సారమూ ఇదే. బీపీ చూడడం, జ్వరం చూడడం, పడక సరిచేయడం, ఓఆర్‌ఎస్ కలిపి చూపడం, ముసలివారికి అన్నం తినిపించడం: ఇవి చిన్న పనులు కావు. సూది, కుట్టు, కాన్పు మాత్రం చదువు మధ్యలో ఉన్న అతిథి సొంతంగా చేయరాదు.

ఈ సభ తీర్మానిస్తున్నది: తెలుగు తెలిసిన ఆరోగ్య సిబ్బంది దగ్గర లేకుండా ఏ రోగినీ పరీక్షించరాదు. మన పల్లెల్లో తల ఊపడం సమ్మతి కాదు. పెద్ద చదువుల మనిషి ఎదురుగా కూర్చొని పరాయి భాషలో ఏదో అడిగితే, అర్థం కాకున్నా మర్యాదకు తల ఊపుతారు. 'ఊఁ' అన్నా అంతే. ఏం చేయబోతున్నారో తెలుగులో చెప్పి, నోటితో 'సరే' అనిపించుకొని, వద్దంటే కోపం చూపకుండా వదిలేయవలెను. ఉచితంగా చూపించుకునే మనిషికీ వద్దనే హక్కు ఉన్నదని ఈ సభ స్పష్టం చేస్తున్నది. వచ్చే ప్రతి విద్యార్థి బయలుదేరే ముందే కొన్ని మాటలు నేర్చుకొని రావలెను: 'అమ్మా, చెయ్యి పట్టుకుంటాను', 'నొప్పి ఎక్కడ అవ్వా?', 'ముందు నుంచీ ఏ మాత్రలు మింగుతున్నారు తాతా?'. మూడో ప్రశ్న అడిగి ఉంటే పైన చెప్పిన అవ్వ పడిపోయేది కాదు.

ఈ సభ తీర్మానిస్తున్నది: గ్రామ క్లినిక్‌లో గానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ దొరకని మందును శిబిరంలో మొదలుపెట్టరాదు. ఇచ్చిన ప్రతి మందు పేరూ, పూటా తెలుగులో చీటీ మీద రాసి, రోగి కుర్చీలోంచి లేవక ముందే ఏఎన్‌ఎం రిజిస్టరులో ఎక్కించవలెను. ఎక్కించడానికి ఏఎన్‌ఎం లేని ఊళ్లో శిబిరం పెట్టరాదు.

ఈ సభ విచారం తెలుపుతూ తీర్మానిస్తున్నది: అతిథులకు మాట అందించే పని ఇక్కడి నర్సింగ్ విద్యార్థులపై పడుతున్నది. రోజంతా దుబాసీ పని చేసి, వార్డు గంటలు పోగొట్టుకొని, సాయంత్రం ఫొటోలో అంచున నిలబడే పిల్లలు వీరు. రోగి మాటను సరిగ్గా అందించడం నర్సింగ్ పనే. ఆ గంటలను క్లినికల్ గంటలుగా లెక్కించాలనీ, పనిని పేరుతో సహా ధ్రువపత్రంలో రాయాలనీ కళాశాలలను కోరడమైనది. ఫొటోల విషయంలో ఒక్క మాట: గాయం, కాన్పు, ఏడుస్తున్న బిడ్డ ఫొటోలు ఎవరూ తీయరాదు.

ఈ సభ గమనిస్తున్నది: రాకపోకలు ఒకే దిక్కున సాగుతున్నాయి. మన నర్సులు గల్ఫ్‌కు, ఐరోపాకు ఉద్యోగానికి పోతున్నారు గానీ, చదువుకునే రోజుల్లో అక్కడి వార్డు ఒక నెల చూసి వచ్చే అవకాశం మన విద్యార్థికి బహు అరుదు. విద్యార్థులను ఇక్కడికి పంపే ప్రతి కళాశాల, ఇక్కడి విద్యార్థులను కూడా తమ ఖర్చుతో తమ దగ్గరకు పిలిపించుకోవలెనని ఈ సభ కోరుతున్నది. ఇది దానం అడగడం కాదు, సాటి విద్యార్థికి సాటి విద్యార్థి ఇచ్చే చోటు.

ఈ సభ తనకు తాను కూడా నియమం విధించుకొంటున్నది: ఇక్కడి విద్యార్థులు సేవకని మన్యం పల్లెలకు పోయినా, పొరుగు రాష్ట్రానికి పోయినా, మరో దేశానికి పోయినా, పై కట్టుబాట్లన్నీ వారికీ వర్తిస్తాయి. అక్కడి భాష మనకు రాదు, అక్కడ మనమే అతిథులం.

ఈ సభ తీర్మానిస్తున్నది: ఈ తీర్మానం ప్రతులను జిల్లాలోని ఆస్పత్రులకు, నర్సింగ్ కళాశాలలకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి పంపవలెను. విద్యార్థులను పంపే విదేశీ కళాశాలలకు వారి వారి భాషల్లో తర్జుమా చేయించి పంపవలెను. ప్రతి శిబిరం దగ్గర తెలుగు ప్రతి అంటించి, చదవలేనివారి కోసం శిబిరం మొదలయ్యే ముందు ఆశా కార్యకర్త దానిని చదివి వినిపించవలెను.