స్కానింగ్ గదికి తాళం, పిల్లవాడికి ఆరు గంటలు

మా జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి,



మొన్న సోమవారం మా అత్తగారిని ఓపీకి తీసుకొచ్చినప్పుడు స్కానింగ్ గది తలుపు మీద కొత్త నోటీసు చూశాను. సాయంత్రం 4 తర్వాత, ఆదివారాలు, సెలవు రోజుల్లో అల్ట్రాసౌండ్ తీయరట. దాని పక్కనే మీ సంతకంతో ఇంకో కాగితం. వృషణాల నొప్పితో వచ్చిన మగపిల్లలను డాప్లర్ (రక్తప్రవాహం చూపే అల్ట్రాసౌండ్) రిపోర్టు లేనిదే థియేటర్‌కు తీసుకెళ్లకూడదట. సంతకం పెట్టే ముందు ఈ రెండింటినీ కలిపి చదివారా సార్? సాయంత్రం 5 గంటలకు నొప్పి మొదలైన పిల్లవాడు తెల్లారేదాకా ఏం చేయాలి?

మా అబ్బాయి సంగతి మీకు తెలుసు. రెండేళ్ల కిందట అర్జీ ఇచ్చాను, విచారిస్తామన్నారు. అప్పుడు వాడికి 13 ఏళ్లు. ఆదివారం రాత్రి 8 గంటలకు కడుపునొప్పంటూ అన్నం ముందు నుంచి లేచి వాంతి చేసుకున్నాడు. అరగలేదేమోనని వాము నీళ్లు తాగించాను. నొప్పి అసలు ఎక్కడో నాతో చెప్పడానికి సిగ్గుపడ్డాడు. 11 గంటలకు వాళ్ల నాన్నను గదిలోకి పిలిచి చూపించాడు. పన్నెండింటికల్లా మీ క్యాజువాల్టీలో ఉన్నాం. అప్పటికి నొప్పి మొదలై నాలుగు గంటలే అయింది. డ్యూటీ డాక్టరమ్మ చూస్తూనే వృషణం మెలిపడినట్టుందన్నారు. ఎడమ వృషణం వాచి, గట్టిపడి, పైకి లాక్కుపోయి ఉంది. అయినా స్కానింగ్ కావాలన్నారు. గదికి తాళం. మరునాడు 10 దాటాక స్కానింగ్ తీశారు. రక్తం ఆడటం లేదని రాశారు. థియేటర్‌లో తెరిచి చూసేసరికి నల్లబడిపోయింది. తీసేశారు. రెండోదైనా మెలిపడకుండా కుట్టు వేశారు.

వృషణానికి రక్తం తెచ్చే తాడు మెలిపడితే 6 గంటల్లోపు విప్పాలట. అలా విప్పితే పదిమందిలో తొమ్మిదిమందికి దక్కుతుందని, ఒక రోజు దాటితే దక్కడం అరుదని ఆ తర్వాతే తెలుసుకున్నాను. నేను స్కూల్ టీచర్‌ని. డాక్టర్లయిన మీకు ఇది నేను చెప్పాల్సి రావడమేమిటి?

డాప్లర్‌ను నేను తప్పుపట్టడం లేదు. ఇన్ఫెక్షన్ వల్ల వాస్తే రక్తం ఎక్కువగా పారుతుంది, మెలిపడితే ఆగిపోతుంది. ఆ తేడా చూపించి అక్కర్లేని కోత తప్పించే పరికరం అది. కానీ మెలిక సగమే పడినప్పుడు రక్తం ఇంకా ఆడుతున్నట్టే కనిపించవచ్చు. పసిపిల్లల్లో అయితే మామూలుగానే ఆ ప్రవాహం పట్టుకోవడం కష్టం. అందుకే వృషణంతో ఆగకుండా తాడును పైదాకా చూడాలి, సుడి తిరిగినట్టు మెలిక కనబడుతుందేమో వెతకాలి అంటారు. ఆ నేర్పున్న మనిషి ఉదయం పదింటికే దొరికితే రాత్రి వచ్చిన పిల్లవాడికి ఏం లాభం? వాపు, గట్టిదనం, తొడ లోపలివైపు గీసినా వృషణం కదలకపోవడం, వాంతి, వృషణం పైకి జరగడం: వీటికి మార్కులు వేసి ఏడుకు లెక్కగట్టే పద్ధతి 2013 నుంచీ ఉంది కదా? లక్షణాలు అంత స్పష్టంగా ఉన్నవాడిని కూడా రిపోర్టు కోసం బెంచీ మీద కూర్చోబెట్టాలా? ఆ రాత్రి మాకు జరిగింది పొరపాటనుకున్నాను. ఇప్పుడు దాన్నే రూలు చేశారు.

రాత్రిపూట స్కానింగ్ ఎందుకు లేదని అడిగితే మీ సిబ్బంది 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం పేరు చెబుతున్నారు. నాకూ ఒక ఆడపిల్ల ఉంది, ఆ చట్టం విలువ నాకు తెలుసు. అది మిషన్‌కు రిజిస్ట్రేషన్ అడుగుతుంది, నడిపేవారికి అర్హత అడుగుతుంది. అర్హులైనవారిని రాత్రిపూట ఉంచొద్దని ఎక్కడుంది? కనీసం ఫోన్ చేస్తే వచ్చేలా ఒక్కరిని పెట్టలేరా? రేడియాలజిస్టు పోస్టు ఖాళీగా ఉంటే ఎవరికి రాశారు, ఎన్నిసార్లు రాశారు?

   

మా స్కూల్లో మగపిల్లలకు హెడ్‌మాస్టారి చేత చెప్పించాను. అక్కడ నొప్పి వస్తే దాచుకోవద్దు, అర్ధరాత్రయినా ఇంట్లోవాళ్లను లేపండి అని. చెప్పేటప్పుడు తలలు దించుకున్నారు, కానీ విన్నారు. వాళ్ల సిగ్గు పోగొట్టడం మా పని, ఆ పని చేస్తున్నాం. రేపు వాళ్లలో ఒకడు సిగ్గు విడిచి చెప్పి, అర్ధరాత్రి మీ దగ్గరికి వస్తే ఆ తలుపు తీసి ఉంటుందా?

ఇట్లు,
ఒక తల్లి