చిట్టి ఉల్లిని ఆగస్టు దాకా ఆపాలంటే...

జనవరి ఆఖర్లో పెరట్లో ఒత్తుగా చల్లిన ఉల్లి విత్తనంలో సగం కాడలు పప్పులోకీ, పులుసులోకీ వెళ్లిపోతాయి. మిగిలినవి ఏప్రిల్ ఆఖరుకి గోలీకాయంత గడ్డ కట్టి ఆగిపోతాయి. కూరకు పనికిరావని వాటిని పారేసేవాళ్లే ఎక్కువ. నిజానికి వానాకాలపు ఉల్లికి అవే విత్తనం. ఆగస్టు మధ్యలో నాటితే నవంబరులోనే గడ్డలు చేతికొస్తాయి. ఆ రోజుల్లో ఉల్లి ధర సంగతి వేరే చెప్పాలా? 2019 డిసెంబరులో కిలో వంద దాటినప్పుడు రైతుబజార్ల ముందు కట్టిన క్యూలు ఎవరూ మరిచిపోలేదు.

చిక్కల్లా ఈ మూడున్నర నెలలు వాటిని కాపాడటంలోనే ఉంది. చాలామంది కవరులో చుట్టి ఫ్రిజ్జులో పెట్టేస్తారు. మన ఇళ్లలో ఫ్రిజ్జు బీరువాకు తమ్ముడైపోయింది కదా! ఉల్లికి మాత్రం అదే శత్రువు. ఉల్లి మామూలుగా మొదటి ఏడు గడ్డ కట్టి, చలికాలం దాటాక పూతకొచ్చే మొక్క. ఫ్రిజ్జు చల్లదనంలో వారాల తరబడి ఉంటే చలికాలం గడిచిపోయిందనుకుంటుంది. నాటగానే గడ్డ ఊరడం మాని పూకాడ తీస్తుంది. మన వేసవి వేడికి ఏమవుతాయోనన్న బెంగ అక్కర్లేదు. వేడిని అవి బాగానే తట్టుకుంటాయి. వాటిని చంపేది చెమ్మ.

కాడలు వాలగానే ఆకులతో సహా పీకండి. ఒక వరస గడ్డల మీద ఇంకో వరస ఆకులు పడేలా పరిచి, మెడలు ఎండేదాకా ఆరనివ్వండి. కడగొద్దు, ఆకులు కోయొద్దు. తర్వాత గుప్పెడేసి కాడలు కలిపి ముడేసి, ఎండా జల్లూ తగలని వసారాలో దండేనికి వేలాడదీయండి. ఆకులు రాలిపోతే వల సంచి గానీ వెదురు బుట్ట గానీ చాలు. ప్లాస్టిక్ డబ్బా మాత్రం వద్దు. తొలకరి పడ్డాక వారానికోసారి చూసి, మెత్తబడినవీ నల్లబూజు పట్టినవీ తీసేయాలి. ఒక్కటి కుళ్లినా పక్కవాటికి అంటుకుంటుంది.

నాటేముందు ఏరుకోండి. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల లావున్నవి మేలు. అంతకన్నా సన్నవి ఈపాటికే వడిలిపోయి ఉంటాయి, బాగా లావైనవి పూకాడ తీస్తాయి. వంటింటి బుట్టలో మొలకెత్తిన పెద్ద ఉల్లిని నాటి గడ్డ కోసం చూసేవాళ్ల బాధా ఇదే. రకం కూడా ముఖ్యమే. ఎన్-53, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ లాంటి ఖరీఫ్ రకాలైతేనే వానాకాలంలో గడ్డ బాగా ఊరుతుంది. నీళ్లు నిలవని బోదెల మీద నాలుగంగుళాల ఎడంతో, మెడ పైకి ఉండేలా నాటాలి.

అప్పటికీ గుప్పెడు మిగిలాయా? ఇక దాచకండి. ఏదైనా పాత కుండీలో దగ్గర దగ్గరగా గుచ్చేస్తే కొన్ని వారాల్లోనే గుడ్డు పొరటులోకి ఉల్లికాడలు తయారు.