పాపంలో మాత్రం సమాన వాటా

ధరిత్రీ దినోత్సవం నాడు పిల్లలచేత ప్రతిజ్ఞ చేయించాను. "భూమి వేడెక్కడానికి మనమందరం కారకులం" అని నేను చెప్తుంటే చేతులు చాచి తిరిగి చెప్పారు. అయిపోయాక ఐదో తరగతి పిల్ల, మా మాదిగపల్లెదే, లేచి నిలబడింది. "సారూ, మా ఇంట్లో ఫ్యానే లేదు గదా. నేనేం చేశాను?" నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేను. నెల జీతముంది, మోటారు సైకిలుంది, కూలరుంది. ఎక్కడో దీవులు మునుగుతున్నాయని చదివితే ఆ నేరం నాదేనేమోనని గుండె బరువెక్కేది. ఆ బరువునే తెచ్చి ఆ పిల్ల నెత్తిన పెట్టాను.

లెక్క చూద్దాం. అమెరికాలో మనిషికి ఏడాదికి దాదాపు 14 టన్నుల కార్బన్ డయాక్సైడు. ఇండియాలో సగటున 2 టన్నులు. ఆ సగటులో కూడా కార్లు, ఏసీలున్న బంగళావాణ్ణీ, పుల్లలేరుకొచ్చి పొయ్యి రాజేసే మా అమ్మనీ కలిపి భాగించారు. "మనమందరం" అనే మాట పుట్టింది అక్కడే.

మనమందరం! ఊరి బావి దగ్గర ఈ మాట వినపడలేదే? భూములు పంచుకునేటప్పుడు వినపడలేదే? 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో మమ్మల్ని నరికినప్పుడు ఎటు పోయింది? పొలంలో వాటా లేదు, గుడిలో వాటా లేదు, పాపంలో మాత్రం సమాన వాటానా?

చావులోనూ సమానం లేదు. 1977 దివిసీమ ఉప్పెనకి వేలమంది పోయారు. మేడ ఉన్నోడికి ఎక్కను మెట్లున్నాయి, గుడిసెలోడికి ఏముంది? 2015 మే ఎండలకి రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్లు, ముసలోళ్లు. ఆ మే నెల్లోనే మా అమ్మ ఉపాధి పనిలో మట్టితట్టతో కూలబడింది. ఎట్లాగో బతికింది. ఆమె కోసం ఏ పెద్దమనిషీ ప్రతిజ్ఞ చేయలేదు.

1927లో మహద్ చెరువు దగ్గర అంబేద్కర్ మనల్ని కుమిలిపొమ్మనలేదు. దోసిట నీళ్లు పట్టి మన హక్కు చూపించాడు.

తల్లీ, తప్పు నీది కాదు. నాది కొంత ఉంది. కూలరు ముందు కూర్చుని నోరు మూసుకున్నందుకు. రేపట్నుంచి మన తరగతిలో ప్రతిజ్ఞ లేదు, లెక్కలే. ఎవడెంత తిన్నాడో, ఎవడెంత మోశాడో రాద్దాం. ఎండన పడే కూలీకి నీడ, నీళ్లు, మన పల్లెకి పక్కా ఇళ్లు అడుగుదాం.

కుమిలిపోవడం తిన్నోళ్ల పని. నిలదీయడం మన పని.