ఆకాశంలో గాలి, గనిలో గాలి

సంపాదకులకు,

అయ్యా! మన వ్యోమగాములు ముగ్గురిని సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున మూడు రోజులుంచి క్షేమంగా దింపుటకు ఉద్దేశించిన గగన్‌యాన్ ప్రస్తావన వచ్చినప్పుడెల్ల మా గోండ్‌పిప్రి తెలుగు ఇండ్లలో ఒక ఆక్షేపణ వినవచ్చును. “చంద్రపూర్‌లో పీల్చే గాలికే దిక్కులేదు, ఆకాశంలో గాలి గొడవ మనకెందుకు?” అని. ఇది త్రోసివేయదగిన మాట కాదు. అయినను ఆ గాలితో మనకు పని కలదని నా మనవి.

మూసిన నౌకలో ప్రాణవాయువు నిండుగా ఉన్నను, మనిషి తాను విడిచిన బొగ్గుపులుసు వాయువుతోనే చావగలడు. 1970 ఏప్రిల్‌లో అపోలో-13 నౌకకు ప్రమాదము కలిగినప్పుడు, ఇద్దరికై కట్టిన చంద్రశకటములో ముగ్గురు తలదాచుకొనిరి. అందలి శుద్ధి డబ్బాలు చాలలేదు. ప్రధాన నౌకలోని చదరపు డబ్బాలను ప్లాస్టిక్ సంచులు, అట్టలు, అంటుపట్టీలతో అమర్చి బ్రతికి బయటపడిరి. గగన్‌యాన్‌కు కావలసిన ఇట్టి సామగ్రిని ఇవ్వ ఏ దేశమును ముందుకు రాలేదనియు, మనమే తయారు చేసికొనుచున్నామనియు 2023లో నాటి ఇస్రో అధ్యక్షులు సోమనాథ్ చెప్పిరి.

ఈ విద్య బొగ్గుసీమవారికి క్రొత్త కాదు. గనిలో విషవాయువు క్రమ్మినప్పుడు దిగెడి రక్షకదళమువారి వీపున ఉండు యంత్రము చేయునదియు అదే. విడిచిన ఊపిరి సోడాసున్నము మీదుగా పోయి, బొగ్గుపులుసు వాయువును అక్కడ వదలి, సిలిండరులోని ప్రాణవాయువును కలుపుకొని తిరిగి నోటికి వచ్చును. అది కొద్ది గంటల ఆసరా మాత్రమే. మా అన్నగారు సింగరేణిలో 30 ఏండ్లు భూగర్భమున పనిచేసిరి. ఆయన షిఫ్టు ముగించి ఇల్లు చేరువరకు మా వదినగారు అన్నము ముట్టెడివారు కాదు.

కావున ముగ్గురిని రోజుల తరబడి బ్రతికించుటకు రూపొందుచున్న ఈ పరికరములు, గనిలో చిక్కుకొన్నవారు తలదాచుకొను గదులకు పనికివచ్చునేమో ఇస్రోవారును, గనుల అధికారులును కలసి పరీక్షింపవలెను. చంద్రపూర్ పొగగొట్టముల పొగను ఇవి కడుగజాలవు. దానికి పొగ పుట్టుచోటనే మందు వేయవలెను. కాని ప్రజల సొమ్ముతో నేర్చిన విద్య పైకి పోవు ముగ్గురితో ఆగక, క్రిందికి దిగు వేలమందికి అందిననాడు మా ఊరి ఆక్షేపణకు సగమైనను సమాధానము దొరకును.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
గోండ్‌పిప్రి, చంద్రపూర్ జిల్లా.